శ్రుతి ఎంత, వేగం ఎంత?

ఏ పాట పేరు కొట్టినా దాని కొలతలు చెప్పే సైట్లు ఇప్పుడు బోలెడు. కీ ఇది, టెంపో నిమిషానికి ఇన్ని బీట్లు, మేజరా మైనరా, ఎంత హుషారుగా ఉంది, డాన్సుకి ఎంత పనికొస్తుంది, స్టూడియోలో చేసిందా జనం ముందు చేసిందా. అన్నీ ఒకే వరసలో ఉంటాయి, చాలావాటికి సున్నా నుంచి ఒకటి దాకా మార్కులు. డీజేలకి ఇది నిజంగా అవసరమైన సరుకే. ఒక పాటలోంచి ఇంకో పాటలోకి అతుకు తెలియకుండా జారాలంటే రెండింటి వేగమూ కలవాలి, కీ కూడా కలిస్తే మరీ మంచిది. ఇబ్బందల్లా ఆ వరస సినిమా పాటకీ, సుప్రభాతానికీ, జాజ్ కచేరీకీ ఒకటే కావడం. ఒక ప్రత్యేకమైన రికార్డింగుని ఆ వరస పక్కన పెట్టి చూస్తే ఏది పట్టుబడుతుంది, ఏది జారిపోతుంది అన్నది ఇక్కడ విషయం.

2000 డిసెంబరులో 'రిమెంబర్ శక్తి' బృందం బొంబాయిలో చేసిన కచేరీల నుంచి మరుసటి ఏడాది 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' అనే ఆల్బం వచ్చింది. గిటారు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, మాండొలిన్ ఉప్పలపు శ్రీనివాస్, కంజీర సెల్వగణేశ్, గాత్రం శంకర్ మహదేవన్. అతిథులుగా సంతూర్ శివకుమార్ శర్మ, డ్రమ్స్ శివమణి, ఇంకా చాలామంది. సీడీ మీద ఉన్నవి నాలుగే అంశాలు. వాటిలో ఒకదాని పేరు 'గిరిరాజ్ సుధ'. జాజ్ అరలో పెట్టి అమ్మిన ఆ సీడీలో ఇది త్యాగరాజ కృతి, 'గిరిరాజసుత తనయ'. బంగాళ రాగం, దేశాది తాళం.

పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. గిరిరాజసుత అంటే పర్వతరాజు కూతురు, పార్వతి. ఆమె తనయుడు వినాయకుడు. సీడీ అట్ట మీద ఆ సుత కాస్తా సుధ అయి కూర్చుంది. కూతురు పోయి అమృతం మిగిలింది. ఇది ఎవరో నిద్రమత్తులో చేసిన అచ్చుతప్పు అనుకోను. తమిళ లిపిలో త, ద, థ, ధ అన్నిటికీ ఒకే అక్షరం. అక్కణ్ణుంచి రోమన్ లిపిలోకి ఎక్కేటప్పుడు ఏ అక్షరమైనా ఎటైనా పోవచ్చు. ఇక 'గిరిరాజ' చివరి అకారం హిందీ నోటికి అలవాటుగా రాలిపోయింది. అంటే ఆ రెండు మాటల తప్పులో రెండు భాషల ఉచ్చారణ ఉంది. త్యాగరాజు ఇంటి భాష తెలుగు, ఈ కృతి భాష సంస్కృతం, ఆయన ఊరు తిరువయ్యారు; పాడినవాడు బొంబాయిలో పెరిగిన తమిళుడు, తీగ మీటినవాడు పాలకొల్లు వాడు, బృందాన్ని కూడగట్టినవాడు యార్క్‌షైర్‌లో పుట్టిన ఇంగ్లీషువాడు. పేరు చెక్కు చెదరకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

ఇక కొలతల వరస సంగతి. దీనికి పెద్ద మూలం 'ఎకో నెస్ట్' అనే సంస్థ. ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో చదువుకున్న ట్రిస్టన్ జెహాన్, బ్రయన్ విట్మన్ 2005లో పెట్టారు. 2014 మార్చిలో స్పాటిఫై కొనేసింది. ఆ తర్వాత పదేళ్ళపాటు ఈ కొలతల్ని ఎవరైనా తీసుకుని వాడుకునే వీలుండేది. 2024 నవంబరులో కొత్తగా వచ్చేవాళ్ళకి ఆ తలుపు మూసేశారు. అప్పటికే అంకెలు ఎన్నో చోట్లకి పాకిపోయాయి. అందులో కీ అంటే సున్నా నుంచి పదకొండు దాకా ఒక అంకె: సి అయితే సున్నా, సి షార్ప్ ఒకటి, అలా. మోడ్ అంటే ఒకటో సున్నానో: మేజర్ ఒకటి, మైనర్ సున్నా. తాళానికి మూడు నుంచి ఏడు దాకా ఒక అంకె. అంతే. తొమ్మిది అక్షరాల సంకీర్ణ చాపు వాయిస్తే ఆ గడిలో పట్టే చోటే లేదు.

అంకెలతో శ్రుతి చెప్పడం మనకేమీ కొత్త కాదు. పద్యనాటకాలు చూసినవాళ్ళని అడగండి. "ఆయన ఐదు శ్రుతిలో ఎత్తుకునేవాడండీ" అంటారు, ఎత్తు ఎక్కిన మనిషి గురించి చెప్పినట్టు. ఆ లెక్క హార్మోనియం మెట్ల లెక్క. తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు, నల్ల మెట్లు మధ్యలో అరలు. ఒకటి అంటే పాశ్చాత్యుల సి, ఒకటిన్నర సి షార్ప్, ఐదు అంటే జి. సరదా ఏమిటంటే మూడున్నర శ్రుతి అనేది లేదు, ఏడున్నరా లేదు, ఆ చోట్ల నల్ల మెట్టు లేదు కనక. మూడు నుంచి నాలుగుకి ఉన్న దూరమూ, ఒకటి నుంచి ఒకటిన్నరకి ఉన్న దూరమూ ఒకటే. పరదేశం నుంచి వచ్చిన పెట్టె, 1940 నుంచి మూడు దశాబ్దాలు ఆలిండియా రేడియో గుమ్మం తొక్కనివ్వని పెట్టె, మన గాయకుల గొంతులకి కొలబద్ద అయింది. ఇప్పటికీ ఎలక్ట్రానిక్ తంబుర యాప్‌లో చాలామంది వెతికేది ఆ అంకెనే.

ఈ అంకెకీ కీ అనే అంకెకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఐదు శ్రుతి మనిషిది. ఫలానావారి శ్రుతి ఒకటిన్నర అంటాం. బంగాళ శ్రుతి ఎంత అని ఎవరూ అడగరు, అడిగితే నవ్వుతారు. గిరిరాజసుతని ఆడవాళ్ళు ఐదులో పాడితే, మగవాళ్ళు ఒకటిలో పాడితే అది అదే కృతి. పాశ్చాత్య సంగీతంలో కీ రచనకి అంటిపెట్టుకుని ఉంటుంది. ఫలానా సింఫనీ సి మైనర్‌లో ఉంది అన్నది దాని పేరులో భాగం. జాజ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పాటలకి అలవాటు కీలు ఉన్నాయి, అయినా గాయని వస్తే ఆమె గొంతుకి తగ్గట్టు మార్చేస్తారు. కాబట్టి జాజ్ కచేరీలో త్యాగరాజ కృతి వినిపించినప్పుడు కీ గడిలో పడే అంకె ఒక రచన లక్షణంగా కనిపిస్తుంది గాని, అసలది ఆ సాయంత్రం ఆ మనుషులు కుదుర్చుకున్న ఒప్పందం.

ఎవరెవరి మధ్య ఒప్పందం? గాయకుడికి గొంతు హద్దులున్నాయి. మాండొలిన్‌కి తీగలు బిగించడంలో కొంత వెసులుబాటు ఉంది, మరీ బిగిస్తే తెగుతాయి, మరీ వదిలితే వాగుతాయి. తబలాని సుత్తితో శ్రుతి చేయొచ్చు గాని ఆ కుండ వైశాల్యం ఎంత శ్రుతికి పుట్టిందో దానికి అటూ ఇటూ మాత్రమే. ఘటం సంగతి మరీ మొండి. కాల్చిన మట్టికుండని బిగించలేం. శ్రుతి మారితే కుండే మార్చాలి. అందుకే ఘట విద్వాంసులు నాలుగైదు కుండలు వెంట తిప్పుకుంటారు. సంతూర్‌కి వందకి దగ్గరగా తీగలు, వేదిక మీద అర శ్రుతి మార్చమంటే ప్రేక్షకులు భోజనం చేసి రావచ్చు. ఇన్ని మొండి వస్తువులూ ఒక్క షడ్జమం మీద కలిశాయంటే, ఆ అంకె వెనక చాలా బేరం జరిగి ఉంటుంది.

ఈ బేరంలో మాండొలిన్ కూర్చున్న తీరు తెలియాలంటే పాలకొల్లు వెళ్ళాలి. శ్రీనివాస్ పుట్టింది అక్కడే, 1969 ఫిబ్రవరి 28న. (ఇంటిపేరు ఉప్పలపు. మా ఉప్పల్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఇక్కడివాళ్ళు కొందరు ఆశగా అడుగుతారు గనక చెబుతున్నాను.) తండ్రి సత్యనారాయణ వాయిద్యకారుడు, ఇంట్లో మాండొలిన్ ఉంది. గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఈయనకి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు దాన్ని తీగ మీదికి తెచ్చేవాడు. శ్రీనివాస్ వాద్యంలో గొంతు వినిపిస్తుందని అందరూ అంటారు. నేర్చుకున్న పద్ధతే అది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ. తొమ్మిదేళ్ళు. 1981కల్లా మద్రాసు డిసెంబరు సీజన్‌లో ఉన్నాడు.

మామూలు మాండొలిన్‌కి నాలుగు జతల తీగలు, మొత్తం ఎనిమిది. ఇటలీ నుంచి వచ్చిన ఆ వాద్యంలో స్వరం పుట్టిన వెంటనే చచ్చిపోతుంది. అందుకే పాశ్చాత్యులు పుల్లతో గబగబా ముందుకీ వెనక్కీ మీటి స్వరం నిలబడినట్టు భ్రమ కల్పిస్తారు. జత తీగలతో గమకం పలికించడం కూడా కష్టం, రెండు తీగల్ని ఒకేలా లాగాలి. శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, వాటికి ఇంకో తీగ చేర్చి ఐదు చేశాడు, చెక్కతో నిండిన ఎలక్ట్రిక్ వాద్యాన్ని పట్టుకున్నాడు. ఎలక్ట్రిక్ వాద్యం అనగానే మద్రాసులో కొందరు మొహం చిట్లించారు. కాని మైకు దాన్ని కేవలం పెద్దగా వినిపించేలా చెయ్యలేదు. ఒక్కసారి మీటి, తీగని లాగి, జార్చి, ఒక పూర్తి సంగతి అయ్యేదాకా స్వరం బతికి ఉండేలా చేసింది. నా లెక్కలో కర్ణాటక సంగీతానికి కరెంటు చేసిన మేలుల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

1983లో, పద్నాలుగేళ్ళ వయసులో, ఆ వాద్యంతో అతను బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. 1964లో యోఆకిమ్ ఎర్న్‌స్ట్ బెరెంట్ మొదలుపెట్టిన ఉత్సవం అది. జాజ్ వేదిక మీదికి కర్ణాటక కుర్రవాణ్ణి పిలవడానికి కారణం వెతకనక్కర్లేదు. ఇద్దరి దగ్గరా ఉన్నది మనోధర్మం: ముందుగా రాసిపెట్టుకున్నది కొంచెం, అక్కడికక్కడ పుట్టేది ఎక్కువ. ఆ రెండు సంప్రదాయాలూ ఒకే బృందంగా కలవడం అప్పటికే ఒకసారి జరిగింది. 1975 జులైలో అమెరికాలో లాంగ్ ఐలాండ్ మీది ఒక కాలేజీలో మెక్‌లాఫ్లిన్, ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, మృదంగం ఆర్. రాఘవన్, ఘటం విక్కు వినాయకరామ్ చేసిన కచేరీయే 1976లో 'శక్తి' మొదటి ఆల్బంగా వచ్చింది. 'జాయ్' అనే మొదటి అంశమే పద్దెనిమిది నిమిషాల పైన.

ఆ 1975 రికార్డింగునీ, 1999లో ఐరోపా కచేరీల్లో రికార్డు చేసి తర్వాతి ఏడాది 'ద బిలీవర్' పేరుతో విడుదల చేసినదాన్నీ వెనువెంటనే వింటే శబ్దంలో తేడా చెవికి కొడుతుంది. మొదటిదాంట్లో మెక్‌లాఫ్లిన్‌ది అకూస్టిక్ గిటారు, సితారు తరపుల్లాగా అడ్డంగా కొన్ని శ్రుతి తీగలు కట్టించుకున్నది, మెట్ల మధ్య చెక్కని తొలిపించి తీగని లోపలికి లాగే వీలు చేయించుకున్నది. పక్కన వయొలిన్. మీటే శబ్దమూ లాగే శబ్దమూ వేరుగా ఉంటాయి గనక ఎవరు ఎవరో ఇట్టే తెలుస్తుంది. రెండోదాంట్లో వయొలిన్ లేదు. గిటారూ మాండొలిన్, రెండూ మీటేవే, రెండూ కరెంటువే. కళ్ళు మూసుకుని వింటే మొదటి రెండు నిమిషాలు తికమక పడతారు. తర్వాత చెవి సర్దుకుంటుంది: మాండొలిన్ పై స్థాయిలో, మీటు దగ్గర చురుగ్గా, సూది మొనలా, గిటారు కింద స్థాయిలో, అంచులు గుండ్రంగా. ఇంకా బాగా తెలిసేది స్వరం నుంచి స్వరానికి వెళ్ళే దారిలో. మెక్‌లాఫ్లిన్ ఎక్కువగా మెట్టు మీంచి మెట్టుకి వెళ్తాడు, శ్రీనివాస్ మధ్యదారిలో ఆగి పలకరించి వెళ్తాడు. శ్రీనివాస్‌ని జాజ్ సందర్భంలో వినాలంటే నేను మొదట 'ద బిలీవరే' ఇస్తాను. బొంబాయి ఆల్బంలో అతిథులు ఎక్కువ, పెళ్ళివారిల్లులా ఉంటుంది.

ఇప్పుడు బంగాళని మళ్ళీ కొలతల వరసలో పెట్టి చూద్దాం. ఈ రాగం శంకరాభరణ జన్యం. ధైవతం ఉండదు, నడక వక్రం, పైకి పోతూ వెనక్కి తిరిగి మళ్ళీ పోతుంది. ఆ తిరుగుడే రాగం. మోడ్ గడి దీనికి 'మేజర్' అంటే తప్పు పట్టలేం, అన్నీ మేజర్ స్కేలు స్వరాలే. బిలహరీ మేజరే, హంసధ్వనీ మేజరే, కదనకుతూహలమూ మోహనమూ మేజరే. ఒక ఊళ్ళో అందరి ఇంటిపేరూ 'ఇల్లు' అని రాసుకున్నట్టుంటుంది.

కల్యాణి దగ్గరైతే నిజంగానే దారి తప్పొచ్చు. ఒకటి శ్రుతిలో కల్యాణి పాడితే వచ్చే ఏడు స్వరాలూ, ఐదు శ్రుతిలో శంకరాభరణం పాడితే వచ్చే ఏడు స్వరాలూ అవే. ఏ స్వరాలు ఎంతసేపు వినిపించాయో లెక్కపెట్టి, దాన్ని మేజర్, మైనర్ అచ్చులతో పోల్చే యంత్రం షడ్జమాన్ని తీసుకెళ్ళి పంచమం ఇంట్లో కూర్చోబెట్టగలదు. ఆ అచ్చులకి మూలం కారల్ క్రుమ్‌హాన్సల్, ఎడ్వర్డ్ కెస్లర్ 1982లో ప్రచురించిన ప్రయోగాలు. శ్రోతలకి ఒక కీని వినిపించి, తర్వాత ఒక స్వరం వినిపించి, ఇది ఎంత ఇమిడింది అని అడిగారు. ఆ శ్రోతలు పాశ్చాత్య సంగీతంలో పెరిగినవాళ్ళు. దీన్ని ఆవిడకి అంటగట్టకూడదు. 1984లోనే జంషెడ్ భరూచా తదితరులతో కలిసి హిందుస్తానీ రాగాల మీద అదే ప్రశ్న అడిగి విడిగా ప్రచురించింది. యంత్రాలు తయారు చేసినవాళ్ళు ఆ రెండో కాగితం దాకా రాలేదు, అంతే.

వేగం ఇంకా చిక్కు. టెంపో కనిపెట్టే ప్రోగ్రాములకి పాత జబ్బు ఒకటుంది: అసలు వేగానికి రెట్టింపో, సగమో చెప్పడం. చిందేసే కాళ్ళని లెక్కపెట్టాలా, దెబ్బల్ని లెక్కపెట్టాలా? దీనికి ఉదాహరణ కోసం బొంబాయి దాకా పోనక్కర్లేదు. గిరిరాజసుత తనయుడి నిమజ్జనం రోజు ఉప్పల్ రింగు రోడ్డు మీద నిలబడితే చాలు. తీన్‌మార్ కొడుతుంటారు. డప్పు మీద పుల్ల దెబ్బల్ని లెక్కపెడితే ఒక వేగం, ముందు ఆడుతున్న కుర్రాళ్ళ కాళ్ళని లెక్కపెడితే ఇంకో వేగం. రెండూ నిజమే. ఆడేవాడికి రెండూ ఒకేసారి తెలుసు, అందుకే ఆడగలుగుతున్నాడు. (ఆ రోజున ఈ కృతి మాత్రం మా నాచారం పందిళ్ళలో ఎక్కడా వినపడదు. డీజే వినపడతాడు. కొలతల వరస అసలు ఎవరికోసం పుట్టిందో అతనే.)

కర్ణాటక సంగీతంలో ఈ రెండు వేగాలకీ వేరువేరు పేర్లున్నాయి. చెయ్యి వేసే తాళానికి కాలప్రమాణం, దాని లోపల అక్షరాన్ని ఎన్ని ముక్కలు చేస్తున్నారో దానికి నడక. తనియావర్తనంలో మృదంగం చతురస్రం నుంచి తిస్రానికి మారితే దెబ్బల జోరు మారుతుంది, తాళం వేస్తున్న చెయ్యి కదిలే తీరు మారదు, మారకూడదు. యంత్రం మాత్రం ఉలిక్కిపడి కొత్త అంకె చెబుతుంది. 'ద బిలీవర్'లో మొదటి అంశం పేరే 'ఫైవ్ ఇన్ ద మార్నింగ్, సిక్స్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్'. పొద్దున ఐదు, సాయంత్రం ఆరు అంటున్న మనిషిని తాళం ఎంత అని ఒక్క అంకె అడగడం అన్యాయం.

దేశాది తాళంలో ఇంకో మెలిక. ఇప్పుడు దాన్ని ఆది తాళంగానే వేస్తున్నారు. పాట సమం దగ్గర మొదలవదు, ఒకటిన్నర అక్షరాలు ఊరుకుని ఎత్తుకుంటుంది. అంటే వినపడే మొదటి స్వరం తాళంలో మొదటిది కాదు. ఆ ఒకటిన్నర అక్షరాల నిశ్శబ్దం కూడా పాటలో భాగమే, దాన్ని గాయకుడు చేత్తో పాడతాడు. మైకుకి చెయ్యి కనపడదు.

అంకెల్ని తీసిపారేయమని నేననడం లేదు. వేగాన్నీ శ్రుతినీ కచ్చితంగా కొలవకపోతే ఏమవుతుందో రికార్డుల చరిత్రలో ఉంది. మెక్‌లాఫ్లిన్ 1969లో చేరింది మైల్స్ డేవిస్ రికార్డింగుల్లో. అదే డేవిస్ పదేళ్ళ ముందు చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ', జాజ్‌లో అత్యధికంగా అమ్ముడైన రికార్డుల్లో ఒకటి. 1959 మార్చి 2న స్టూడియోలో టేపు యంత్రం ఒకటి కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాన్ని సరైన వేగంతో నడిపే యంత్రం మీద వినిపిస్తే మొదటి వైపు మూడు అంశాలూ ఉండాల్సినదానికంటే కొంచెం వేగంగా, కొంచెం ఎక్కువ శ్రుతిలో పలికాయి. 1992లో సరిచేసేదాకా ముప్ఫై మూడేళ్ళు లోకమంతా అదే విని, దాంతో కలిపి వాయించి, దాన్నే నేర్చుకుంది. సాధన చేసే కుర్రాళ్ళు తమ వాద్యమే శ్రుతి తప్పిందనుకుని బిగించుకున్నారు.

మన దగ్గర క్యాసెట్లు విన్నవాళ్ళకి ఇది కొత్త కాదు. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు కదలాలి. బ్యాటరీలు నీరసించి అది ఆరు శాతం మందగిస్తే శ్రుతి దాదాపు ఒక మెట్టు, అంటే అర శ్రుతి, పడిపోతుంది. ఒకటిన్నరలో పాడిన విద్వాంసుడు ఒకటిలోకి దిగుతాడు, వేగమూ దానితోపాటే తగ్గుతుంది. శ్రీనివాస్ మొదటి పదేళ్ళ పేరు ప్రఖ్యాతులు ఊరూరికీ తిరిగింది ఆ క్యాసెట్ల మీదే. ఏ ఇంట్లో అతని షడ్జమం ఎక్కడ పలికిందో ఆ ఇంటి బ్యాటరీలకే తెలియాలి. కొన్ని పాత టేపుల్ని ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. అప్పుడు వాద్యకారుడి అసలు శ్రుతి తెలిసి ఉండడమే వేగం సరిదిద్దడానికి ఆధారం. 'ఆయన శ్రుతి ఇంత' అన్న పాత అంకె అక్కడ అక్కరకొస్తుంది.

వరసలో ఇంకో గడి ఉంది, లైవ్‌నెస్. జనం ఉన్న చప్పుడు వినపడిందా లేదా అన్నదానికి మార్కు, 0.8 దాటితే ప్రత్యక్ష కచేరీయే అని దాదాపు ఖాయం అంటారు. చప్పట్లని నమ్మితే ఏమవుతుందో జాజ్‌వాళ్ళకి బాగా తెలుసు. 1956 జులైలో న్యూపోర్ట్ ఉత్సవంలో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో పాల్ గొన్సాల్వెస్ శాక్సఫోన్ మీద వరసగా ఇరవై ఏడు ఆవృతాలు వాయించి జనాన్ని కుర్చీల మీంచి లేపాడు. అయితే ఆయన కొలంబియా కంపెనీ మైకుకి బదులు వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకు ముందు నిలబడ్డాడు. ఆల్బంలో ఆయన దూరం నుంచి వినిపిస్తాడు. మిగతాదాంట్లో చాలా భాగం తర్వాత స్టూడియోలో మళ్ళీ వాయించి, చప్పట్లు అతికించి, 'ఎల్లింగ్టన్ ఎట్ న్యూపోర్ట్' అని అమ్మారు. రేడియోవాళ్ళ టేపు తర్వాత దొరికింది. 1999లో రెండు టేపుల్నీ పక్కపక్కన నడిపి అసలు కచేరీని బయటికి తీశారు. ఆ గడిలో పాతదానికీ కొత్తదానికీ మంచి మార్కులే వస్తాయి.

బొంబాయి ఆల్బంలో జనం పాత్ర వేరు. బెర్లిన్‌లో, లండన్‌లో చప్పట్లు అంశం చివర వస్తాయి. ఇక్కడ మధ్యలో, సంగతి పడ్డ చోట పడతాయి, 'వాహ్' వినపడుతుంది. తిహాయి సమానికి వస్తోందని ముందే తెలిసిన జనం అది. ఉప్పల్ నుంచి తార్నాక దాకా మెట్రోలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని దీన్ని వినేవాళ్ళకి ఒక హెచ్చరిక: రైలు రొద కింది స్థాయి శబ్దాల్ని మింగేస్తుంది. తబలా బాయా, కంజీర గుమ్కీలు పోతాయి. మాండొలిన్ మాత్రం సూదిలా దూసుకొస్తుంది. ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్ దాటేసరికి అది సోలో ఆల్బం అనిపిస్తుంది.

సరైన ప్రశ్న అడిగినవాళ్ళూ లేకపోలేదు. బార్సిలోనాలో షావియర్ సెర్రా నాయకత్వంలో 2011లో మొదలైన 'కాంప్‌మ్యూజిక్' అనే పరిశోధన, ఐరోపా పరిశోధనా మండలి డబ్బుతో, కర్ణాటక, హిందుస్తానీ, టర్కీ, అరబ్-అందలూసీ, చైనా సంగీతాల్ని వాటి వాటి పద్ధతుల్లో కంప్యూటరుకి నేర్పడానికి పూనుకుంది. మద్రాసు ఐఐటీ వాళ్ళూ ఇందులో ఉన్నారు. వీళ్ళు కర్ణాటక కచేరీ రికార్డింగుని తీసుకుని కీ ఏమిటి అని అడగలేదు. షడ్జమం ఎక్కడుంది అని అడిగారు. జవాబు కోసం తంబుర వైపు, వెనక నిరంతరం పలికే ఆ శ్రుతి వైపు చెవి పెట్టమన్నారు. ఇది ఏ సంగీత విద్యార్థైనా గదిలోకి అడుగుపెట్టగానే చేసే పనే. షడ్జమం దొరికాక మిగతా స్వరాల దారులు గీసి, రాగాన్ని గుర్తుపట్టే ప్రయత్నం చేశారు. కొలవడంలో తప్పు లేదని, దేన్ని పునాదిగా పెట్టుకుని కొలుస్తున్నామన్నదే తేడా అని వాళ్ళ పని చూస్తే తెలుస్తుంది. దుకాణాల్లోకీ యాప్‌ల్లోకీ మాత్రం ఆ పద్ధతి రాలేదు. అమ్మకానికి పన్నెండు అంకెలు చాలు.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో చనిపోయాడు. నలభై ఐదేళ్ళు. ఎకో నెస్ట్ అమ్ముడుపోయిందీ ఆ ఏడాదే, కాబట్టి తన మాండొలిన్‌కి డాన్సు మార్కులు ఎన్ని పడ్డాయో అతను చూసే అవకాశం తక్కువ.

2023లో 'శక్తి' మళ్ళీ ఒక ఆల్బం చేసింది, 'దిస్ మొమెంట్'. 1977 తర్వాత వాళ్ళ మొదటి స్టూడియో ఆల్బం. కోవిడ్ రోజుల్లో ఎవరి ఊళ్ళో వాళ్ళుండి ముక్కలు ముక్కలుగా రికార్డు చేసుకున్నారు. మాండొలిన్ లేదు, ఆ చోట గణేశ్ రాజగోపాలన్ వయొలిన్ ఉంది. మొదటి అంశం పేరు 'శ్రీనీస్ డ్రీమ్'. ఇంకోదాని పేరు సూటిగా 'మోహనం', రాగానికి గడి లేదని తెలిసి పేరులోనే పెట్టినట్టు. గిరిరాజసుత కూడా ఉంది. 2000లో ఒక వేదిక మీద ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ కుదుర్చుకున్న శ్రుతిని, కాలప్రమాణాన్ని ఈసారి ముందే ఖాయం చేసుకుని, చెవుల్లో పెట్టుకుని, ఎవరి గదిలో వాళ్ళు వాయించాలి. వినడానికి శుభ్రంగా, విడివిడిగా, ప్రతి వాద్యమూ పక్కనే కూర్చున్నట్టుంటుంది. లైవ్‌నెస్ గడిలో ఎక్కువేం రాదు. 2024 ఫిబ్రవరిలో ఆ ఆల్బంకి గ్రామీ వచ్చింది. డిసెంబరులో జాకిర్ హుస్సేన్ వెళ్ళిపోయాడు. ఇరవై మూడేళ్ళలో రికార్డింగు పద్ధతి మారింది, వాద్యం మారింది, గది మారింది. శంకర్ మహదేవన్ నోట సుత స్పష్టంగానే పలుకుతుంది. అట్ట మీద మాత్రం ఇప్పటికీ సుధే.